ఓడ జాబితాల్లో గోదావరి పేర్లు: వలస, పౌరసత్వ పత్రాల సూచీకరణలో పాఠనిర్ణయ సమస్య

యల్లాప్రగడ సుబ్బారావు పేరును అమెరికా దస్తావేజుల సూచిలో ఏ అక్షరం కింద వెతకాలి? ఆయన 1895లో భీమవరంలో జన్మించి, 1923లో అమెరికా చేరారు. హార్వర్డులో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో ప్రకటించిన భాస్వరం కొలిచే పద్ధతి ‘ఫిస్క్–సుబ్బారో పద్ధతి’గా జీవరసాయన శాస్త్రంలో స్థిరపడింది. ఈ వ్యవహారంలో సుబ్బారావు అనే వ్యక్తినామం కుటుంబనామమైంది; యల్లాప్రగడ అనే ఇంటిపేరు వ్యక్తినామమైంది. తెలుగువారి లెక్కన ‘య’ కింద ఉండవలసిన మనిషి అక్కడి సూచిలో ‘స’ కింద ఉంటాడు. ఆయన జన్మస్థలానికీ ఇటువంటి చిక్కే ఉంది. ఆయన పుట్టిననాడు భీమవరం గోదావరి జిల్లాలోనిది. 1904 పునర్విభజనలో అది కృష్ణా జిల్లాలోకి వెళ్ళింది. 1925లో పశ్చిమ గోదావరి జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరింది. 2022లో జిల్లా కేంద్రమైంది. ఒకే మనిషి, ఒకే ఊరు. రాసిన సంవత్సరాన్ని బట్టి, రాసినవాడి అలవాటును బట్టి దస్తావేజు మారిపోతుంది.

సుప్రసిద్ధుడి విషయంలో ఈ చిక్కును జీవితచరిత్రలు విప్పగలవు. పంతొమ్మిదో శతాబ్దిలో కోరంగి, కాకినాడ, యానాం ప్రాంతాల నుంచి ఓడలెక్కిన సామాన్యులకు జీవితచరిత్రలు లేవు. వారి గురించి మిగిలింది ఒక జాబితాలో ఒక వరుస మాత్రమే. ఆ వరుసను నేడు చదివి, అంతర్జాల సూచిలోకి ఎక్కిస్తున్నవారు స్వచ్ఛంద కార్యకర్తలు. వారిలో తెలుగు తెలిసినవారు అరుదు. సూచీకరణను యాంత్రికమైన నకలు పనిగా భావించడం వల్ల జరుగుతున్న నష్టం ఏమిటి, తాళపత్ర ప్రతుల పరిష్కరణలో మన పూర్వపరిశోధకులు నేర్చిన పద్ధతులు ఇక్కడ ఎంతవరకు ఉపకరిస్తాయి అన్నవి ఈ వ్యాసంలోని చర్చనీయాంశాలు.

పౌరసత్వ పత్రాలు: మనవారు లేని సూచి

వంశచరిత్ర అన్వేషకులకు అమెరికా పౌరసత్వ స్వీకార పత్రాలు పెద్ద ఆకరం. 1906కు ముందు స్థానిక కోర్టులు మొదలు ఫెడరల్ కోర్టుల వరకు దాదాపు ఏ న్యాయస్థానమైనా పౌరసత్వం ఇవ్వగలిగేది. పత్రాలకు ఏకరూపత లేదు. చాలావాటిలో పేరు, విడిచి వచ్చిన దేశం, తేదీ తప్ప మరేమీ కనబడవు. 1906 చట్టం తరువాత నిర్ణీతమైన నమూనాలు వచ్చాయి. క్రమంగా పుట్టిన ఊరు, వచ్చిన ఓడ, భార్యాబిడ్డల వివరాలు అందులో చేరాయి. 1930ల ఆర్థికమాంద్య కాలంలో ప్రభుత్వ ఉపాధి పథకం కింద న్యూ ఇంగ్లండు ప్రాంతపు కోర్టుల పాత పత్రాలకు ఫొటో నకళ్ళు తీసి, సూచి కార్డులు రాయించారు. ఆనాడు కూలి తీసుకొని చేసిన ఆ పనినే నేడు లక్షలాది మంది ఇళ్ళలో కూర్చొని ఉచితంగా చేస్తున్నారు. యూటా రాష్ట్రంలో 1894లో ఏర్పడిన వంశావళి సంఘానికి వారసురాలైన ఫ్యామిలీసెర్చ్ సంస్థ ఈ పనిని అంతర్జాలంలో విస్తరింపజేసింది. ఒకే పుటను ఇద్దరు ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా చదివి నమోదు చేయడం, వారి పాఠాలు భేదిస్తే మూడో వ్యక్తి నిర్ణయించడం అన్నది ఆ సంస్థ చాలాకాలం అనుసరించిన పద్ధతి. ప్రతులను సరిపోల్చి పాఠం నిర్ణయించే పరిష్కర్తకు ఇది పరిచితమైన పనిలాగే కనబడుతుంది. అయితే ఒక తేడా ఉంది. ఇక్కడ ప్రతి ఒక్కటే, పాఠకులు ఇద్దరు. ఆ ఇద్దరికీ భాష తెలియకపోతే ఇద్దరూ ఒకే తప్పు చేస్తారు. అప్పుడు భేదం ఉండదు కనుక మూడో వ్యక్తి దాకా పుట వెళ్ళదు. ఏకాభిప్రాయం ప్రామాణ్యమైపోతుంది.

ఈ అమెరికా సూచీల్లో గోదావరి పేర్లు దాదాపు కనబడకపోవడానికి కారణం లేఖకదోషం కాదు, చట్టం. 1923 ఫిబ్రవరి 19న భగత్‌సింగ్ థింద్ వ్యాజ్యంలో అమెరికా సుప్రీంకోర్టు భారతీయులు ‘శ్వేతజాతి’ నిర్వచనంలోకి రారని, పౌరసత్వానికి అనర్హులని తీర్పు చెప్పింది. సుబ్బారావు అమెరికాలో అడుగుపెట్టింది ఆ తీర్పు వెలువడిన కొద్ది నెలలకే. 1946 జూలైలో లూస్–సెల్లర్ చట్టం ఆ నిషేధాన్ని తొలగించి, భారతీయుల వలసకు ఏడాదికి సుమారు నూరుమంది పరిమితి విధించింది. 1948 ఆగస్టులో మరణించేనాటికి ఆయన అమెరికా పౌరుడు కాలేదు. కనుక 1946కు ముందు కాలపు పౌరసత్వ సూచిలో ఒక తెలుగు పేరు లేకపోవడమే ఒక చారిత్రక సాక్ష్యం. ఆ సూచిని మాత్రమే నమ్మి వలస చరిత్ర రాసేవారికి గోదావరి మనిషి అసలు సముద్రం దాటలేదనిపిస్తుంది.

యానాం పుస్తకాలు

డెల్టాలోనే, గౌతమీ తీరాన, పౌరసత్వ పత్రాల కోవకు చెందిన ఆకరం ఒకటి ఉంది. ఫ్రెంచి పాలనలోని యానాంలో జనన, వివాహ, మరణాలను ఫ్రెంచి పద్ధతిలో పౌర నమోదు పుస్తకాల్లోకి ఎక్కించేవారు. 1881 సెప్టెంబరు 21 నాటి ఫ్రెంచి శాసనం ఫ్రెంచి భారతంలోని స్థానికులకు తమ ‘వ్యక్తిగత స్థితి’ని, అంటే హిందూ, ముస్లిం ధర్మశాస్త్రాల ప్రకారం తమకు వర్తించే కుటుంబ న్యాయాన్ని, పరిత్యజించి ఫ్రెంచి పౌరస్మృతి కిందికి వచ్చే వీలు కల్పించింది. పరిత్యాగం తిరుగులేనిది. అలా ప్రకటించే వ్యక్తి ఇకపై తన కుటుంబానికి వర్తించే వంశనామాన్ని కూడా ప్రకటించాలి.

ఈ చివరి నిబంధన తెలుగు పరిశోధకుడికి ఆసక్తికరం. తమిళుల్లో తరతరాలకు స్థిరంగా వచ్చే ఇంటిపేరు సామాన్య వ్యవహారంలో లేదు. తండ్రి పేరు తొలి అక్షరమే ఆ పని చేస్తుంది. పుదుచ్చేరి పరిత్యాగులు కొత్త వంశనామాలను, కొన్నిసార్లు పూర్తిగా ఫ్రెంచి పేర్లనే, ఎన్నుకున్నది ఈ నేపథ్యంలోనే. తెలుగువాడికి ఇంటిపేరు అప్పటికే ఉంది. కాని అది పేరుకు ముందు ఉంటుంది. ఫ్రెంచి గుమస్తా వంశనామాన్ని వెతికే చోట వ్యక్తినామం, వ్యక్తినామాన్ని వెతికే చోట ఇంటిపేరు ఎదురవుతాయి. సుబ్బారావు విషయంలో బోస్టనులో జరిగిన తారుమారుకు యానాం కచేరీలోనే అవకాశం ఉందన్నమాట. శాసనం తెచ్చినవారి దృష్టిలో ఉన్నది పుదుచ్చేరి సమాజం. తెలుగు నామవ్యవస్థ వారి ఆలోచనలోకి వచ్చినట్లు తోచదు.

1954లో యానాం భారతదేశంలో కలిసింది. 1956 మే 28న కుదిరిన ఒప్పందం 1962 ఆగస్టు 16న అమలులోకి వచ్చింది. ఆ తేదీ నుంచి ఆరు నెలల్లో లిఖితపూర్వకంగా కోరుకున్నవారు ఫ్రెంచి జాతీయతను నిలుపుకోవచ్చు, కోరుకోనివారు భారతీయులవుతారు. ఆరు నెలల్లో పెట్టిన ఒక సంతకం మనుమల పాస్‌పోర్టును నిర్ణయించింది. ఆ సంతకం ఎవరిదో తేల్చడానికి పనికివచ్చేవి పాత పౌర నమోదు పుస్తకాలే. ఫ్రాన్సులోని ఎక్స్-ఆన్-ప్రోవాన్స్ నగరంలో ఉన్న సముద్రాంతర దస్తావేజుల భాండాగారం ఫ్రెంచి భారతపు పౌర నమోదు పుటల ఛాయాచిత్రాలను అంతర్జాలంలో ఉంచింది. ఊరు, సంవత్సరం తెలిసినవారు పుటలు తిప్పి వెతుక్కోవచ్చు. సంవత్సరం తెలియనివారికి మంచి నామసూచి తప్ప గతిలేదు.

బర్మా సంగతి ఇక్కడ క్లుప్తంగా చెప్పి దాటుతాను. రంగూనులో తెలుగువారందరికీ కోరంగీలనే పేరు స్థిరపడింది. ఓడరేవు పేరు జాతి పేరయింది. 1931 జనాభా లెక్కల నాటికి ఆ నగర జనాభాలో సగానికి పైగా భారతీయులే. 1948లో స్వతంత్ర బర్మా చేసిన పౌరసత్వ చట్టాల కింద అక్కడ మిగిలినవారు దరఖాస్తు పెట్టుకోవలసి వచ్చింది. 1982 చట్టం మళ్ళీ 1948 జనవరి 4కు ముందే తాము, తమవారు అక్కడ ఉన్నట్లు రుజువు అడిగింది. పేరు ఎలా రాసి ఉందన్నది అక్కడ పరిశోధనాంశం కాదు, నివాసహక్కు.

మూడు చేతులు మారిన పేరు

గోదావరి వలసకు సంబంధించి విస్తారమైన సూచీకరణ జరిగింది ఒప్పంద కూలీల జాబితాల మీద. నేటాలుకు తొలి ఓడ ట్రూరో మద్రాసులో బయలుదేరి 1860 నవంబరు 16న డర్బను చేరింది. 1911 వరకు అక్కడికి చేరిన ఒప్పంద కూలీలు 1,52,184 మంది. వారిలో అధికసంఖ్యాకులు మద్రాసు రేవు నుంచి వెళ్ళినవారు. విశాఖపట్నం, గోదావరి జిల్లాల తెలుగువారు అందులో ఉన్నారు. ప్రతి మనిషికీ ఒక వరుస సంఖ్య, పేరు, తండ్రి పేరు, వయస్సు, లింగం, కులం, జిల్లా, తాలూకా, గ్రామం, శరీరంపై గుర్తులు నమోదయ్యాయి. సురేంద్ర భానా ఈ జాబితాలను కంప్యూటరుకెక్కించి చేసిన అధ్యయనం 1991లో వెలువడింది. తరువాతి కాలంలో క్వాజూలు–నేటాలు విశ్వవిద్యాలయంలోని గాంధీ–లుతులి పత్రకేంద్రం ద్వారా ఈ జాబితాలు వంశాన్వేషకులకు అందాయి. మారిషస్‌కు 1834 తరువాత వెళ్ళిన సుమారు నాలుగున్నర లక్షలమంది దస్తావేజులు మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో ఉన్నాయి. ఫిజీకి మద్రాసు నుంచి వలస 1903లో మొదలైంది. అక్కడివి విడివిడి వలసపత్రాలు.

ఈ జాబితాల్లో ఇంటిపేరుకు గడి లేదు. తండ్రి పేరుకు మాత్రం ఉంది. తరువాతి తరాల్లో ఆ తండ్రి పేరో, నాయుడు, రెడ్డి వంటి గౌరవవాచకాలో వంశనామాలయ్యాయి. దక్షిణాఫ్రికాలో ‘నాయుడూ’ అని దీర్ఘాంతంగా పలికే వంశనామం కింద వేలాది కుటుంబాలు చేరాయి. వాటిలో తెలుగు కుటుంబాలతో పాటు తమిళ కుటుంబాలూ ఉన్నాయి. వంశనామాన్ని ఆధారంగా చేసుకొని వెతికే సూచి ఇక్కడ పూర్తిగా నిష్ఫలం. వరుస సంఖ్య తెలిసిన కుటుంబానికి ఇబ్బంది లేదు. అంకెకు మాండలికం ఉండదు. తెలియని కుటుంబానికి పేరే దిక్కు.

ఆ పేరు మనదాకా ఎలా వచ్చింది? రామచంద్రపురం తాలూకా మనిషి మద్రాసు డిపోలో తన పేరు తన మాండలికంలో చెప్పాడు. దానిని విన్న దుబాసీ లేదా గుమస్తా తన చెవికి తోచినట్టు ఇంగ్లీషు లిపిలో రాశాడు. అతడు తమిళుడైతే తమిళ ధ్వనిసంప్రదాయం ఆ రాతలో ప్రవేశించడం సహజం. ఆ రాతకు నకళ్ళు తయారయ్యాయి. ఒకటి ఓడతో వెళ్ళింది. గమ్యంలో మరో గుమస్తా దానిని తన పుస్తకంలోకి ఎక్కించాడు. నూరేళ్ళ తరువాత సూచీకర్త ఆ చేతిరాతను చదివాడు. వక్త, లేఖకుడు, ప్రతిలేఖకుడు, పాఠకుడు — తాళపత్ర గ్రంథ సంక్రమణంలో మనం చెప్పుకునే క్రమమే ఇది. తేడా ఏమిటంటే కావ్యప్రతిలో ఛందస్సు పాఠాన్ని కాపాడుతుంది. గణం చెడితే లేఖకదోషం బయటపడుతుంది. పేరుకు యతిప్రాసలు లేవు. దానిని కాపాడగలిగింది ఆ ప్రాంతపు నామసంప్రదాయం, ఉచ్చారణ గురించిన ఎరుక మాత్రమే.

చెవికి ఒకటి, సంకేతానికి మూడు

సూచీల్లో అక్షరభేదాలను దాటి వెతకడానికి ఇంగ్లీషు ప్రపంచం కనుగొన్న ఉపాయం సౌండెక్స్. రాబర్ట్ రసెల్‌కు 1918లో దీనిపై పేటెంటు లభించింది. అమెరికా పౌరసత్వ సూచి కార్డుల్లో కొన్నింటిని ఈ క్రమంలోనే అమర్చారు. పేరులోని మొదటి అక్షరాన్ని అలాగే ఉంచుతారు, అచ్చులను వదిలేస్తారు, హల్లులను ఆరు వర్గాలుగా చేసి ఒక్కో వర్గానికి ఒక్కో అంకె ఇస్తారు, మొత్తం మూడు అంకెలు. ఇంగ్లీషు పేర్లలో భేదాలు ఎక్కువగా అచ్చుల్లో వస్తాయి కనుక ఇది బాగానే పనిచేస్తుంది.

తెలుగు పేర్లకు దీనిని అన్వయించి చూద్దాం. వెంకయ్య అనే పేరు గోదావరి జిల్లాల వ్యవహారంలో ఎంకయ్య అవుతుంది. పదాది వకారం ఇ, ఎ అచ్చుల ముందు లోపించడం మాండలికాల్లో సుప్రసిద్ధం. పదాది ఎకారం మళ్ళీ యకారశ్రుతితో యెంకయ్యగా వినబడుతుంది. ఇంగ్లీషు లిపిలో ఈ మూడు రూపాలూ వరుసగా వి, ఇ, వై అక్షరాలతో మొదలవుతాయి. సంకేతాలు వి–520, ఇ–520, వై–520. అంకెలు ఒకటే, కాని మొదటి అక్షరం మార్చరానిదని నియమం కనుక ఒకే మనిషి మూడు చోట్ల ఉంటాడు. చిన్నయ్య, సిన్నయ్య సంగతీ అంతే: సి–500, ఎస్–500. గోవిందును తమిళ సంప్రదాయంలో కకారంతో రాసి ఉంటే జి–153 కాస్తా కె–153 అవుతుంది. లక్ష్మిని సంస్కృతానుసారంగా రాస్తే ఎల్–250. లచ్మి అని చకారంతో, దాని ముందు ఇంగ్లీషు ‘టి’ చేర్చి రాస్తే ఎల్–325. ఇక్కడ మొదటి అక్షరం నిలిచినా అంకెలు మారిపోయాయి. న్యాయంగా ఒక మాట చెప్పాలి: అప్పలస్వామి, అప్పల్సామి రూపాలు రెండూ ఎ–142 దగ్గరే కలుస్తాయి. సౌండెక్స్ అంతటా విఫలమవుతుందని నేననడం లేదు. తెలుగులో మార్పు పదాదిలోనే ఎక్కువగా జరిగే చోట ఆ పద్ధతి పదాదినే స్థిరబిందువుగా పెట్టుకుందని అంటున్నాను.

తూర్పు యూరపు యూదుల పేర్లకు సౌండెక్స్ సరిపడదని గ్రహించి 1985లో గ్యారీ మోకోటాఫ్, రాండీ డైచ్ కొత్త సంకేతావళిని రూపొందించారు. అందులో పేరు తొలి ధ్వనికి కూడా అంకెనే ఇస్తారు. అనుమానం ఉన్న చోట ఒకే పేరుకు రెండు మూడు సంకేతాలు కేటాయిస్తారు. వారిది విశ్వవిద్యాలయపు పథకం కాదు. తమ పూర్వుల ఊళ్ళు వెతుక్కుంటున్నవారు స్వయంగా చేసుకున్న పని. తెలుగులో ఇటువంటి సంకేతావళికి కావలసిన భాషాశాస్త్ర సామగ్రి ఏనాడో సిద్ధమైంది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వ్యవసాయ పదాలతో మొదలైన మాండలిక వృత్తి పదకోశం నుంచి నేటి వరకు మన శాఖల్లో జరిగిన మాండలిక పరిశోధన అంతా ఇందుకు పనికివస్తుంది. సామగ్రి ఉంది; దానిని సూచీకర్త చేతికి అందించినవారు లేరు.

మరిడమ్మ ఎవరు?

పేరును చదవడంలో జరిగే పొరపాటు ఒక్కోసారి మనిషి మతాన్నీ ప్రాంతాన్నీ మార్చగలదు. పెద్దాపురం మరిడమ్మ గోదావరి జిల్లాలో ప్రసిద్ధ గ్రామదేవత. ఆమె పేరిట మరిడమ్మ, మరిడయ్య అనే పేర్లు ఆ చుట్టుపక్కల విరివిగా పెట్టుకుంటారు. జాబితాలో ఆ పేరు మధ్యలోని ‘డ’కారాన్ని సూచించే ఇంగ్లీషు అక్షరం మసకబారితే, తెలుగు తెలియని సూచీకర్తకు కనబడేది మరియమ్మ. అది దక్షిణ భారతంలో క్రైస్తవ స్త్రీల పేరు. తమిళ గ్రామదేవత మారియమ్మకూ దగ్గరి పేరు. సూచీకర్త తనకు తెలిసిన రూపాన్ని రాస్తాడు. మరిడమ్మ వంశస్థురాలు తన ముత్తవ్వ తమిళనాటి స్త్రీ అనో, క్రైస్తవురాలనో నమ్ముతుంది. ఒక్క హల్లు పోవడంతో పెద్దాపురం పోయింది.

నిజానికి ఈ ప్రాంతపు బడుగువర్గాల పేర్లే ఒక దేవతాక్షేత్ర పటం. అప్పన్న, అప్పలస్వామి, సింహాద్రి అన్న పేర్లు సింహాచలం వైపు చూపుతాయి. నూకయ్య, నూకరాజు, నూకాలు అన్నవి నూకాలమ్మ ప్రభావ ప్రాంతానివి. పైడయ్య విజయనగరం పైడితల్లిని తలపిస్తుంది. తలుపులయ్య తుని దగ్గరి లోవ క్షేత్రానిది. సత్యనారాయణ అన్నవరానిదని నేడు అనుకుంటాం గాని, అన్నవరం క్షేత్రం 1891లో వెలసింది. అంతకు ముందటి జాబితాలో ఆ పేరు కనబడితే దాని సందర్భం వేరు. జాబితాలో గ్రామం గడి చెదలు తినిపోయినా పేరే కొంతవరకు ప్రాంతాన్ని పట్టిస్తుంది. ఇది నిర్ణాయక సాక్ష్యం కాదని వేరే చెప్పనక్కరలేదు. మొక్కు తీరితే గోదావరి మనిషి కూడా కొడుక్కి పైడయ్య అని పెట్టుకోవచ్చు. అయితే శాసనాల్లో వ్యక్తినామాలను ఆధారం చేసుకొని మతచరిత్ర రాసే మనం, అదే వివేకాన్ని కూలీల పేర్లపై ఎందుకు ప్రయోగించలేదన్నది ఆలోచించవలసిన విషయం. రాజుల పేర్లకు, దాతల పేర్లకు అనుక్రమణికలున్నాయి.

ఊళ్ళ పేర్ల విషయంలో పరిస్థితి కొంత మెరుగు. కేతు విశ్వనాథరెడ్డి కడప ఊళ్ళ పేర్లపై చేసిన పరిశోధన మొదలుకొని గ్రామనామ అధ్యయనానికి మనకు మంచి సంప్రదాయం ఉంది. కాని సూచీకర్తకు కావలసింది వ్యుత్పత్తి కాదు, గుర్తింపు. లంక, పాలెం, పేట, పాడు అన్న ఉత్తరపదాలతో ముగిసే ఊళ్ళు డెల్టాలో కొల్లలు. ఒకే పేరుతో నాలుగైదు. 1859 వరకు జిల్లా పేరు రాజమండ్రి. తరువాత గోదావరి. 1904కూ 1925కూ మధ్య నరసాపురం, భీమవరం, తణుకు తాలూకాలు కృష్ణా జిల్లాలోవి. కనుక 1850ల నాటి మారిషస్ దస్తావేజులో రాజమండ్రి అని ఉంటే అది పట్టణమూ కావచ్చు, సముద్రం దాకా విస్తరించిన జిల్లా అంతా కావచ్చు. సూచీకర్త దానిని నేటి రాజమహేంద్రవరం నగరంగా గుర్తించి పటంలో చుక్క పెడితే, నరసాపురం మనిషి మనుమడు గోదావరి వంతెన దగ్గర దిగి తన వాళ్ళ కోసం వెతుకుతాడు.

దిద్దడం ఎంతవరకు?

ఇంతవరకు చెప్పినదాన్ని బట్టి, తెలుగు పండితులు పూనుకొని సూచీలను దిద్దితే సరిపోతుందని తోచవచ్చు. నా అభిప్రాయం అది కాదు. తెలియనివాడి తప్పు కంటే తెలిసినవాడి దిద్దుబాటు ప్రమాదకరం. తెలియనివాడు చూసినదాన్ని చూసినట్టు రాసే అవకాశం ఎక్కువ. తెలిసినవాడికి ఎంకయ్య కనబడగానే వేంకటయ్య అని రాయాలనిపిస్తుంది. లచ్చిగాడు కనబడితే లక్ష్మయ్య అని గౌరవించాలనిపిస్తుంది. కావ్యప్రతుల విషయంలో పండితుల దిద్దుబాట్ల వల్ల ఎన్ని ప్రాచీన రూపాలు మరుగున పడ్డాయో ఈ పత్రిక పాఠకులకు నేను చెప్పనక్కరలేదు. మా అమ్మమ్మ పేరు రెండు ప్రభుత్వ పత్రాల్లో రెండు రకాలుగా ఉంది. ఒకటి ఆమె చెప్పినది. రెండోది చదువుకున్న మా మేనమామ ‘సరిచేసి’ రాయించినది. పింఛను ఆగిపోయింది రెండోదాని వల్లే.

చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ ఒక గ్రంథానికి దొరికినన్ని ప్రతులు సేకరించి, పండితుల చేత సరిపోల్పించి, శుద్ధప్రతులు రాయించాడు. ఆయన శుద్ధప్రతుల్లోని ప్రతి నిర్ణయంతో మనం ఏకీభవించనక్కరలేదు. అయినా మూలప్రతులు కూడా నిలిచి ఉన్న చోట ఆయనతో విభేదించే అవకాశం మనకు మిగిలింది. సూచీకరణకు వర్తించవలసిన నియమం ఇదే. జాబితాలోని అక్షరక్రమం ఉన్నది ఉన్నట్టుగా ఒక గడిలో ఉండాలి; దానిని ఎవరూ ముట్టరాదు. తెలుగు లిపిలో ఊహించిన పాఠం వేరొక గడిలో, ఊహించినవారి ఆధారంతో సహా ఉండాలి. ఒకటి కంటే ఎక్కువ పాఠాలు సాధ్యమైతే అన్నీ ఉండాలి. కులం గడిలోని మాటకు నేటి ప్రభుత్వ జాబితాలోని పేరు చేర్చరాదు. ఇరవయ్యో శతాబ్దిలో అనేక కులాలు తమ పేర్లను తామే మార్చుకున్నాయి. ఆ మార్పు వెనుక ఉద్యమాలున్నాయి. పాత పేరు అవమానకరమైనదైనా దస్తావేజులో అది గుమస్తా చూపుకు సాక్ష్యం. మాలలు, మాదిగలు అయిన తెలుగువారికి తమిళనాటి కులవాచకం రాసి ఉంటే, ఆ పొరపాటు కూడా దాచవలసిన పాఠమే.

సూచి కేవలం దారి చూపేది మాత్రమే, అసలు పుట ఛాయాచిత్రం అందుబాటులో ఉన్నప్పుడు సూచిలోని తప్పుల వల్ల నష్టం లేదు అన్న వాదం ఒకటి ఉంది. దారి తప్పుగా చూపితే పుట దాకా ఎవరు చేరతారు? పైగా ఇప్పుడు ఈ పుటలకు పరిశోధనకు మించిన ప్రయోజనం ఏర్పడింది. 2024 మార్చి 12న పోర్ట్ లూయీలో రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము, భారత సంతతికి చెందిన మారిషస్ పౌరులకు ఏడో తరం వరకు విదేశీ భారతీయ పౌరుల కార్డు ఇచ్చే ప్రత్యేక ఏర్పాటును ప్రకటించారు. ఏడో తరపు వ్యక్తి తన మూలపురుషుణ్ణి రుజువు చేసుకోవాలంటే వలస దస్తావేజుల్లోని ఒక వరుసతో తన కుటుంబాన్ని కలపాలి. సుబ్బారావు కాలంలో పేరు సరిగా ఉన్నా చట్టం అడ్డుపడింది. నేడు చట్టం అనుమతించినా పేరు అడ్డుపడే పరిస్థితి. అందులోనూ వరుస సంఖ్య రాసిన పాత కాగితాన్ని భద్రపరచుకోగలిగిన కుటుంబానికి, తుపానులో ఇల్లుతో పాటు కాగితమూ పోయిన కుటుంబానికి మధ్య ఉన్న తేడా పూడ్చగలిగింది సూచి ఒక్కటే.

స్వచ్ఛంద కార్యకర్తలను నిందించడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. డర్బనులో, యూటాలో పని మానుకున్న వయస్సులో, తమకు తెలియని భాష పేర్లను గంటల తరబడి చదివినవారి శ్రమ లేకపోతే నేను ఈ ప్రశ్నలు వేయగలిగేవాడినే కాను. తెలుగు శాఖల్లో ఏటా ఎన్నో సిద్ధాంతవ్యాసాలకు అంశాలు వెతుక్కుంటున్నాం. ఒక ఓడ జాబితాను పాఠాంతరాలతో పరిష్కరించడం పరిశోధన పట్టం స్థాయి పనిగా గుర్తించడానికి ఏ అభ్యంతరమూ కనబడదు.

ప్రస్తుతానికి నేను చేపట్టినది చిన్న పని: పాత రామచంద్రపురం తాలూకాలోని గ్రామాల పేర్లకు, హెన్రీ మోరిస్ 1878 నాటి గోదావరి జిల్లా వివరణలోను, హెమింగ్వే 1907 నాటి గెజిటీరులోను కనబడే ఇంగ్లీషు రూపాలను చేర్చి, నేటి తెలుగు రూపాలతో పక్కపక్కన ఉంచడం. ఊరివాళ్ళు ఆ పేరును ఎలా పలుకుతారో మూడో గడిలో రాస్తున్నాను. ద్రాక్షారామాన్ని చుట్టుపక్కల పెద్దలు దాక్షారం అంటారు. జాబితా రాసిన గుమస్తా విన్నది ఆ రూపమే అయి ఉంటుంది, గ్రంథాల్లోని దక్షారామం కాదు. మూడో గడి నిండడానికే ఎక్కువ కాలం పడుతోంది. దానికి గ్రంథాలయం చాలదు, ఊళ్ళు తిరగాలి.